కాటా

నా పని తూకం.
గుడిపాల రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ,
గేటు పక్కన అద్దాల గది.
అద్దం అవతల ఇనప పలక మీదికి
రాత్రనక పగలనక ట్రాక్టర్లు ఎక్కుతుంటాయి.
ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడతాయి.
కాయతో ఒకసారి, కాయ దించాక ఒకసారి.
ఆ రెంటి మధ్య తేడా తోతాపురి.

జూన్ నెలలో ఈ కుర్చీ నన్ను వదలదు.
అన్నం క్యారియరు ఇక్కడికే, టీ ఇక్కడికే,
హేమావతి ఫోనూ ఇక్కడికే:
"మాత్ర ఏసుకుంటివా? నడిస్తివా?"
మొదటిదానికి ఊఁ అంటాను.
రెండోదానికి లారీ హారన్ సాయపడుతుంది.

రోజూ నలభై నిమిషాలని
డాక్టరమ్మ నిరుడే చెప్పింది.
సీజన్ అయిపోనీ మేడం, అన్నాను.
సీజనైతే లెక్కలు, లెక్కలైతే ఆడిట్,
ఆడిట్ వాళ్ళు పోయేసరికి చెట్లకు పూత.
కొన్న బూట్లు బల్ల కింద డబ్బాలోనే ఉన్నాయి,
ఒకదాంట్లో ప్రింటరు రిబ్బను,
ఇంకోదాంట్లో స్టాపిల్ పిన్నులు.

ఒక రాత్రి మూడు గంటలప్పుడు
కరెంటు పోయి వచ్చింది.
సున్నా సరిగ్గా ఉందో లేదో చూడాలని బయటికొచ్చి
ఊరికే పలకెక్కి నిలబడ్డాను.
కిటికీలో ఎర్రగా తొంభై.
పది కేజీల కన్నా చిన్న మాట దానికి రాదు.
ఎనభై ఆరో, తొంభై నాలుగో,
దాని లెక్కకు నేను నాలుగు క్రేట్ల కాయ.
ట్రాక్టరు బానెట్ మీద పడుకున్న చెంగల్రాయులు
తల ఎత్తకుండానే అడిగాడు:
"ఏం సార్, నీకు తరుగెంత కొడతారు?"

వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
అప్పుడే కిటికీ దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడు, టోకెన్ కోసం.
చెప్పు తెగి చేతిలో ఉంది.
"మా బండి పెట్రోలు బంకు కాడ ఉండాది సార్."
బంకు ఇక్కడికి రెండు కిలోమీటర్లు.
ఇన్నేళ్ళుగా వాళ్ళు నడిచి వస్తున్నారు,
నేను కూర్చుని రాస్తున్నాను.

మర్నాడు రిబ్బను బయట పెట్టి, పిన్నులు దులిపి
బూట్లు కట్టుకున్నాను.
యుగంధర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి
టోకెన్ పుస్తకం చంకన పెట్టుకుని
వరుస తోకకి బయల్దేరాను.
నాలుగో ట్రాక్టరుకే ఆయాసం.
కుళ్ళిన కాయ మీద కాలు జారి
ఎవరిదో ట్రాలీ పట్టుకుని నిలబడ్డాను.
కింద, చక్రాల మధ్య దుప్పట్లో ఎవరో దగ్గారు.
ఆవుల్ని తోలడానికి కట్టె పట్టుకుని కూర్చున్న దేశమ్మ
చెంబుతో నీళ్ళిచ్చి అడిగింది:
"రేపు ధర ఏమన్నా పెరుగుతుందా నాయనా?"
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.
అక్కణ్ణించి బంకు దాకా
డాక్టరమ్మ కోరిన దానికన్నా వేగంగా నడిచాను.

అట్లా నెల గడిచింది.
నెల గడిచేకొద్దీ వరుస కురచైంది.
బంకు దాకా ఉన్నది టైర్ల అంగడి దాకా,
తర్వాత కల్వర్టు దాకా,
తర్వాత గేటు ముందు మూడు బండ్లు.
నా నడకా అంతే.
జులై ఆఖర్న ఒక సాయంత్రం
పుస్తకం తీసుకుని గేటు దాటితే
రోడ్డు ఖాళీ.

నిలబడ్డాను.
బూట్లు విప్పేద్దామని వంగాను కూడా.
ఆరోగ్యం అన్న మాట నన్నెప్పుడూ లేపలేదు.
నాకోసం ఎవరో ఒకరు చివర్న ఉండాలి.
వంగినవాణ్ణి లేస్స బిగించి లేచాను,
ఎందుకో ఇప్పటికీ తెలీదు.
కాలవ గట్టున ఈగలు ఇంకా పోలేదు,
విసిరేసిన టెంకలు రాగి రంగు ఆకులేశాయి.
బంకు పిల్లోడు నోరు తెరిచాడు:
"బండ్లు లేవు కద సార్?"
"లేవా? సరే, చూసి పోదామని."

తిరిగొచ్చి పలకెక్కాను.
తొంభయ్యే.
ఎనభై ఆరో, తొంభై నాలుగో, అది చెప్పదు.
రేపు ఆడిట్ వాళ్ళొస్తారు.
వాళ్ళు టీకి లేచే టైమెంతో
యుగంధర్‌ను కనుక్కోమన్నాను.